గొంతు మారిన మేళము

మా కడియమున ధనుర్మాసపు వేకువలందు రామకోవెలలో స్త్రీల భజన జరుగును. పూలమడులలో పనికి పోవువారు సయితము తెల్లవారకముందే వచ్చి కూర్చుందురు. ఇరువది యేండ్లుగా మా పెద్దత్తగారు ముందు పాడుచుండిరి. కాపురమునకు వచ్చిననాటినుండి మేము వారి ప్రక్కన కంచుతాళములు వేయుచుంటిమి. నిరుడు వారి కంఠమునకు శస్త్రచికిత్స జరిగెను. ప్రాణభయము తీరినది గాని పైస్థాయి పోయినది.

అందఱును వారివంటి గొంతు కొఱకే వెదకిరి. ఒకామె వారి గమకములను అనుకరింపబోయి, తారషడ్జమువద్ద గొంతు పగిలి, హారతి కాకముందే లేచిపోయినది. పిమ్మట భారము మామీద పడెను. మేమును ఆ పొరపాటే చేసితిమి. పెద్దత్తగారు స్తంభమునకు చేరగిలి తల వంచుకొని వినుచుండిరి.

మావారికి ఘంటసాల యనిన ప్రాణము. 1974 ఫిబ్రవరి 11వ తేదీతో తెలుగుపాట ముగిసినదని వారి సిద్ధాంతము. మాకది సమ్మతము గాదు. కె.వి. మహదేవన్ 1964లో 'మూగమనసులు' చిత్రమునకు ఘంటసాలచేత పాడించెను; 1980లో వచ్చిన 'శంకరాభరణము'నకు బాలసుబ్రహ్మణ్యముచేత పాడించెను. స్వరకర్త యొక్కడే. ఘంటసాల గొంతు నిండు గోదావరి. పాట దాని వెంట నడచును. బాలసుబ్రహ్మణ్యము శాస్త్రీయముగా సంగీతము నేర్చినవాడు గాడు. మహదేవన్ సహాయకుడు పుగళేంది దగ్గఱ కూర్చుండి నేర్చుకొని పాడెను. ఏ నటునకు పాడిన ఆ నటుని పలుకుబడి తెచ్చుకొనుట ఆయన ప్రజ్ఞ. ఘంటసాలవలె పాడుటకే పూనుకొనియుండిన మనకు రెండవ ఘంటసాల దక్కెడివాడు కాడు, బాలసుబ్రహ్మణ్యమును దక్కెడివాడు కాడు.

ఈ వాదము విని మా మరిది, ఇంగ్లాండులోని జెనిసిస్ అను రాక్ మేళము కథ చెప్పెను. 1975లో ముఖ్యగాయకుడు పీటర్ గేబ్రియల్ విడిచిపోగా, ఎందఱినో పరీక్షించి, తుదకు వెనుక డ్రమ్ములు వాయించు ఫిల్ కాలిన్సుచేతనే పాడించిరట. మఱుసటియేటి ఆల్బము కొంత వినిపించెను. వాద్యములే చాలసేపు మ్రోగినవి; మాకు వంటపని యుండెను. అయినను తాళము వేయువాడే పాటగాడయ్యెనని వినగా నవ్వును ధైర్యమును ఒక్కసారిగా కలిగినవి.

మఱునాడు హార్మనీ వాయించు పిల్లతో శ్రుతి ఐదునుండి నాలుగునకు దింపుమంటిమి. పైన మెఱయు కీర్తనలు కొన్ని విడువవలసివచ్చెను. ఎన్నడో మూలబడిన విలంబపు పాటలు పైకి వచ్చినవి. చిత్రమేమనగా, ఇన్నాళ్లు పెదవులు మాత్రము కదిపిన ఆడువారు గొంతెత్తి పాడసాగిరి. పెద్దత్తగారి శ్రుతి వారికి ఏనాడును అందలేదన్నమాట! భజన చప్పబడినదని కొందఱనిరి. అందును కొంత నిజము కలదు. ఆ పైషడ్జము మాకును చెవిలో వినబడుచునే యుండును.

నాలుగవనాడు పాడుచు తాళము తప్పితిమి. పెద్దత్తగారు స్తంభము విడిచి వచ్చి, మా చేతిలోని తాళములు తీసికొనిరి.

"నువ్వు పాడమ్మా, ఇది నే చూసుకుంటాను" అనిరి, ఆ బొంగురుగొంతుతోనే.

వారి నడక మా నడకకన్న కొంచెము నిదానము. ఆనాటినుండి పాటయు అట్లే సాగుచున్నది.