పండగ విస్తరి, రోజువారీ కంచం

గోదావరి జిల్లాల పాతకాలపు తిండి తింటే గుండెజబ్బు దగ్గరికి రాదని నేను చాలా ఏళ్ళు చెప్పాను. హోమ్ సైన్స్ లెక్చరర్‌గా తరగతి గదిలో చెప్పాను. ఊళ్ళలో డ్వాక్రా సంఘాల మహిళలకు చెప్పాను. ఆదివారం పత్రికలకు వ్యాసాలుగా రాశాను. చివరికి మా అన్నయ్యకూ చెప్పాను. మిగతావాళ్ళలో ఎవరికి ఏమైందో నాకు తెలియదు. అన్నయ్యకు ఏమైందో తెలుసు కాబట్టి ఇది రాస్తున్నాను.

నేను చెప్పినదాంట్లో సగం సరైనదే. బేకరీ తిండి, సీసాల్లో అమ్మే తీపి పానీయాలు, మరిగిన నూనెనే మళ్ళీ మళ్ళీ మరిగించి వేయించినవి మానమనడంలో తప్పేమీ లేదు. తప్పంతా రెండో సగంలో ఉంది. వాటికి బదులు ఏం తినాలని ఎవరైనా అడిగితే నా నోట ఎప్పుడూ ఒకే వరస వచ్చేది: ముద్దపప్పు, దానిమీద కరిగిన నెయ్యి, కొత్తావకాయ, గుమ్మడికాయ పులుసు, అప్పడాలు, వడియాలు, గడ్డపెరుగు. వింటున్నవాళ్ళ ముఖాలు విప్పారేవి. "మా తాతగారు ఇదే తిని తొంభై ఏళ్ళు బతికారండీ" అని ఎవరో ఒకరు తప్పకుండా అనేవారు. ఆ మాటను నేను రుజువుగా తీసుకునేదాన్ని. యాభై ఏళ్ళకే పొలం గట్టు మీద కూలిపోయిన తాత కూడా అక్కడ కూర్చున్న ఎవరో ఒకరికి ఉండే ఉంటాడు. ఆయన్ని ఎవరూ ఉదాహరణగా తీసుకురారు. ఆయన ఏం తిన్నాడో అడగాలని నాకూ తోచలేదు.

చదువుకున్నదాన్ని కాబట్టి నా నమ్మకానికి శాస్త్రంలో ఆసరా వెతుక్కున్నాను. అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ 1958లో మొదలుపెట్టిన ఏడు దేశాల అధ్యయనం గురించి పోషకాహారం చదివినవాళ్ళందరికీ తెలుసు. గ్రీసులోని క్రీట్ ద్వీపపు మగవాళ్ళలో గుండెపోటు మరణాలు చాలా తక్కువని అందులో తేలింది. వాళ్ళ తిండి ఆకుకూరలు, పప్పుధాన్యాలు, ముతక రొట్టె, పళ్ళు, ఆలివ్ నూనె. రోజంతా పొలం పని. ఇది చూపించి, సంప్రదాయ ఆహారం గుండెను కాపాడుతుందని పిల్లలకు చెప్పేదాన్ని. అదే అధ్యయనంలో తూర్పు ఫిన్లాండ్ కూడా ఉంది. అక్కడి రైతులు, అడవుల్లో కలప కొట్టేవాళ్ళు తిన్నది కూడా తమ పెద్దల తిండే: దట్టంగా వెన్న రాసిన రొట్టె, మీగడ తీయని పాలు, ఉప్పగా ఉండే మాంసం, చేపలు. ఒళ్ళు వంచి పనిచేసే మనుషులే. పొగ తాగే అలవాటు కూడా ఎక్కువే. ఏడు దేశాల్లోకీ గుండెపోటు చావులు ఎక్కువగా నమోదైంది అక్కడే. 1972లో ఆ ప్రాంతంలోని ఉత్తర కరేలియాలో పెక్కా పుస్కా అనే యువ వైద్యుడి నాయకత్వంలో ఊరూరా పని మొదలైంది. గృహిణుల సంఘాలను కలుపుకుని వంటలు మార్చారు. వెన్న తగ్గించి వంటనూనె వాడటం, కూరగాయలు పెంచడం, ఉప్పు తగ్గించడం, పొగాకు మాన్పించడం. దాదాపు ముప్పై అయిదేళ్ళలో పనిచేసే వయసు మగవాళ్ళలో గుండెపోటు మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి. పెద్దల తిండిని పట్టుకుని ఉన్నందుకు కాదు, దాన్ని మార్చుకున్నందుకు వాళ్ళు బతికారు. ఈ పాఠం కూడా నేనే చెప్పేదాన్ని, వేరే రోజున, వేరే అధ్యాయం కింద. రెంటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించలేదు.

అన్నయ్యకు యాభై నిండకముందే బీపీ బయటపడింది. డాక్టరు రోజుకో మాత్ర రాశారు. అన్నయ్య నాకు ఫోన్ చేసి, "జీవితాంతం మింగాలట చెల్లాయ్. నువ్వేమంటావ్?" అన్నాడు. "ముందు ఆ హోటల్ టిఫిన్లు మానెయ్ అన్నయ్యా. అమ్మ వండినట్టు వదినను వండమను. తిండితోనే చాలావరకు దారికొస్తుంది" అన్నాను. మాత్ర మానెయ్యమని నేను అనలేదు. ఆ తేడా పట్టుకుని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కానీ పోషకాహారం చదివిన చెల్లెలు తిండితో తగ్గుతుందని అంటే, మాత్రంటే గిట్టని మనిషికి ఆ మాట ఎలా వినబడుతుందో నాకు తెలిసి ఉండాల్సింది. కొన్ని నెలలకు మాత్ర ఆపేశాడు. నా మాట ప్రకారం బయటి తిండి తగ్గింది, ఇంట్లో నెయ్యీ ఊరగాయలూ పెరిగాయి. కాస్త ఒళ్ళు చేశాడు. మొహంలో కళ వచ్చిందని సంతోషపడ్డాం. యాభై మూడో ఏట గుండెపోటు వచ్చింది.

52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం, దక్షిణాసియా వాళ్ళకు మొదటి గుండెపోటు సగటున 53వ ఏట, మిగతా ప్రాంతాలవాళ్ళకు 59 దగ్గర వస్తోందని 2007లో చెప్పింది. అన్నయ్య వయసు సరిగ్గా ఆ సగటే.

స్టెంట్ వేసి బతికించారు. గుండె కండరంలో కొంత భాగం దెబ్బతింది. ఇప్పటికీ మేడ మెట్లెక్కితే ఆయాసపడతాడు. డిశ్చార్జి రోజున డాక్టరుగారు తిండి వివరాలు అడుగుతూ ఊరగాయల దగ్గర ఆగారు. అన్నయ్య నోరు తెరవకముందే నేను, "బయట కొన్నవి కావండీ, ఇంట్లో పెట్టినవే" అన్నాను. "ఇంట్లోదైనా ఉప్పు ఉప్పే కదమ్మా" అన్నారాయన, ఏ కోపమూ లేకుండా.

ఇంటికొచ్చి మా ఆవకాయ లెక్క కాగితం మీద వేశాను. ముక్కలు ఆరు కిలోలు, ఆవపిండి, కారం, ఉప్పు కిలో చొప్పున, పప్పునూనె కిలోన్నర. పదిన్నర కిలోల ఊరగాయలో కిలో ఉప్పు. పూటకు ఇరవై గ్రాముల ఊరగాయ వేసుకున్నా అందులో దాదాపు రెండు గ్రాముల ఉప్పు ఉంటుంది. రెండు పూటలకు నాలుగు. పెద్దవాళ్ళకు రోజు మొత్తానికి అయిదు గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. పప్పులో, కూరలో, పులుసులో, అప్పడంలో, వడియంలో ఉన్న ఉప్పూ, మజ్జిగన్నంలో చేత్తో కలుపుకునే ఉప్పూ ఇంకా లెక్కకు రానేలేదు. ఇరవై నాలుగు గంటల మూత్రాన్ని పరీక్షించి ఆంధ్రప్రదేశ్‌లో ఉప్పు వాడకాన్ని కొలిచిన సర్వే ఒకటి 2017లో అచ్చయింది. సగటున మనిషి రోజుకు తొమ్మిది గ్రాములకు పైనే తింటున్నట్టు తేలింది. పాశ్చాత్య దేశాల్లో ఉప్పు ఎక్కువగా ప్యాకెట్ల తిండిలోంచి ఒంట్లోకి వెళ్తుంది. మనకు పెద్దభాగం వంటింట్లోంచే వెళ్తుంది. నేను ప్యాకెట్లనే చూశాను.

మా విద్యార్థినులతో నేను చేయించిన ఆహార సర్వేల్లోనూ ఇదే లోపం. నిన్న పొద్దుటినుంచి రాత్రిదాకా ఏం తిన్నారో అడగమనేదాన్ని. అన్నం ఎన్ని గిన్నెలు, పప్పు ఎన్ని గరిటెలు, పాలు ఎన్ని గ్లాసులు అని శ్రద్ధగా రాసేవాళ్ళు. ఊరగాయ, అప్పడం, నంజుకున్న పొడి "ఇతరాలు" అన్న గడిలోకి పోయేవి, చాలాసార్లు ఆ గడి ఖాళీగానే ఉండేది. చెప్పేవాళ్ళు వాటిని తిండిగా లెక్కపెట్టరు. అడిగేవాళ్ళం మేమూ పెట్టలేదు. ఆ కాగితాలు చూసి, మన ఆహారం సమతులంగా ఉందని నేను వ్యాసాలు రాశాను.

ఇంతకంటే నన్ను బాధపెట్టేది మరొకటి ఉంది. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 ఊళ్ళలో, దాదాపు లక్షా ఎనభై వేల జనాభాలో, ఏడాదిపాటు చనిపోయినవాళ్ళ ఇళ్ళకు ఆరోగ్య కార్యకర్తలు వెళ్ళి, చావుకు ముందు ఏం జరిగిందో ఇంట్లోవాళ్ళను అడిగి రాసుకున్నారు. డాక్టర్లు ఆ వివరాలు చదివి కారణం నిర్ణయించారు. 2006లో అచ్చయిన ఆ లెక్క ప్రకారం 1354 మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. అందులో గుండెపోటూ పక్షవాతమూ దాదాపు చెరిసగం. అంటురోగాల వాటా 12 శాతం. ఇవి పట్నాలు కావు. వరిచేల మధ్య ఊళ్ళు, నేను మైకు పట్టుకుని మాట్లాడిన ఊళ్ళలాంటివే. ఆ లెక్క అచ్చయిన తర్వాత కూడా నేను అవే మాటలు చెబుతూ పోయాను, చదవలేదు కాబట్టి. మా ఊళ్ళ గురించి నేను ఎక్కడో చదివి తెలుసుకోవాల్సిందేముందని అనుకున్నాను.

అన్నయ్యను చూడటానికి వచ్చిన మా మేనత్తను ఒక మధ్యాహ్నం కూర్చోబెట్టి, చిన్నప్పుడు రోజూ ఏం తినేవాళ్ళని అడిగాను. ఎనభై దాటినా ఆమెకు మతిమరుపు లేదు.

"పొద్దున్న తరవాణీ చద్దన్నం, ఉల్లిపాయ. మధ్యాహ్నం ఏదో ఒక ఆకుకూర పులుసు. పెరట్లో తోటకూరో, గట్టుమీద పొన్నగంటికూరో, ఆ రోజుల్లో చింతచిగురో. కందిపప్పు రోజూ ఎక్కడిదే? కాలవలో చేపలు పడితే చేపల పులుసు. రాత్రికి మజ్జిగ."

"మరి నెయ్యి, అత్తయ్యా?"

"వెన్న కాచి రాజమండ్రి పంపేవాళ్ళమే అమ్మాయ్. మాకు పండక్కీ, చుట్టాలొస్తేనూ. పురిటాలికి మటుకు వేసేవాళ్ళు."

"ఆవకాయో?"

"జాడీ మళ్ళీ ఎండాకాలం దాకా రావాలి. మా అమ్మ తలా ఒక్క ముక్క వేసి వాసెన కట్టేసేది. ఇంకో ముక్క అడిగితే కసిరేది."

నూనె గానుగ దగ్గర్నుంచి తెచ్చి జాగ్రత్తగా వాడేవారట. వేపుడు కూర చేసిన రోజు పిల్లలు చెప్పుకునేవారట.

నేను ఊరూరా వర్ణించిన విస్తరి ఆమె చిన్నతనంలో ఏడాదికి కొన్నిసార్లే పరిచారు. పండగ రోజు జ్ఞాపకంలో నిలిచింది, మామూలు రోజులు నిలవలేదు. పెళ్ళిలో బూరె మధ్యలో పోసిన నెయ్యి గుర్తున్నట్టు మంగళవారం నాటి తోటకూర పులుసు ఎవరికి గుర్తుంటుంది? గుర్తున్నదాన్నే మనం సంప్రదాయమన్నాం. చేతిలో డబ్బు ఆడగానే దాన్ని రోజూ వండుకోవడం మొదలుపెట్టాం. గుండెకు నిజంగా మేలుచేసిన మామూలు రోజుల తిండిని మాత్రం పేదరికంతో పాటే వదిలేశాం. ఆకుకూరల్లో ఉండే పొటాషియం ఉప్పు ధాటిని కొంత తగ్గిస్తుంది. వాటి పీచు, పప్పుల పీచు కొలెస్ట్రాల్‌ను అదుపులో ఉంచడానికి తోడ్పడతాయి. ఇవన్నీ నాకు పుస్తకంలో తెలుసు. అత్తయ్య చెబుతుంటే మా పెరటికీ ఆ పుస్తకానికీ సంబంధం ఉందని అప్పుడు అర్థమైంది. ఆ రోజుల్లో నాట్లు, కోతలు, నూర్పులు, దంపుడు అన్నీ మనుషుల ఒళ్ళే చేసేవి. ఇప్పుడు ట్రాక్టరు, కోత మిషను, మిల్లు చేస్తున్నాయి.

మా అత్తయ్యా కలిగిన ఇంటి పిల్లే. ఆ ఇంట్లో పాలేళ్ళుగా చేసినవాళ్ళు తమ గుడిసెల్లో ఏం తినేవారో ఆమె చెప్పలేకపోయింది. నా వ్యాసాల్లోనూ వాళ్ళు లేరు.

అలాగని పాత రోజులను ఇంకో రకంగా పూజించడమూ నాకిష్టం లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో వరి పెరిగింది. తర్వాత రోకలి పోయి మిల్లు వచ్చి, తెల్లబియ్యం ఇళ్ళలోకి చేరింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి పాతుకుపోయి ఉండేది. తౌడుతోపాటు బి1 విటమిన్ పోవడం వల్ల వచ్చే జబ్బది. ఒక రకంలో కాళ్ళు నీరుపట్టి, గుండె ఉబ్బి, మనిషి చనిపోతాడు. ఉప్పుడు బియ్యం తినే తమిళ జిల్లాలవాళ్ళకు ఆ బాధ తప్పింది, వడ్లు ఉడికేటప్పుడు విటమిన్ గింజలోకి ఇంకుతుంది కనుక. బెరిబెరి మీద పరిశోధనకే రాబర్ట్ మెక్‌కారిసన్ 1918లో కూనూరులో ఒకే గదిలో పని మొదలుపెట్టాడు. ఆ ప్రయోగశాలే పెరిగి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఆ సంస్థ పుస్తకాలు ముందు పెట్టుకునే నేను పాఠం చెప్పాను. అటు దక్కనులో జొన్న మీదే బతికిన పేదలకు పెల్లాగ్రా అనే జబ్బు వచ్చేది. దాని గుట్టు విప్పడానికి పోషకాహార శాస్త్రవేత్త గోపాలన్‌గారు హైదరాబాదులోనే శ్రమించారు. 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం జొన్ననూ సజ్జనూ వెనక్కి నెట్టడంలో కొంత పాత్ర వహించిందంటారు. కావచ్చు. ఎన్నో ఇళ్ళలో అది ఆకలి తీర్చింది, దాన్ని నేను తప్పుపట్టలేను.

పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు రోజు తిండిలో ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం దాటవద్దంటున్నాయి. మా ఇళ్ళ కంచాల్లో అన్నం వాటా ఇప్పటికీ అంతకు చాలా ఎక్కువ. అన్నయ్య ఇంట్లో వదిన దీన్ని ఓపిగ్గా మారుస్తోంది. అన్నం తగ్గించి పప్పూ ఆకుకూరా పెంచింది, కూరల్లో ఉప్పు కొద్దికొద్దిగా తగ్గించింది, ఆవకాయ ఆదివారానికి పరిమితం చేసింది. మాత్రలు మాత్రం ఒక్క పూటా తప్పడం లేదు.

సంఘాల సమావేశాలకు నేను మళ్ళీ వెళ్తున్నాను. ఇదివరకు చెప్పింది తప్పని ముందే చెబుతాను. తిండి మార్చుకున్నా డాక్టరును అడక్కుండా బీపీ మాత్ర ఆపవద్దని చెబుతాను. ఆ తర్వాత ఇంట్లో నెలకు ఉప్పు ఎన్ని ప్యాకెట్లు, నూనె ఎన్ని లీటర్లు కొంటున్నారో, ఎంతమంది తింటున్నారో లెక్క వేయిస్తాను. కూరలో ఎంత వేస్తారంటే ఎవరూ చెప్పలేరు గానీ కొట్లో ఎంత కొన్నారో అందరికీ గుర్తే.

మొన్నొక ఊళ్ళో ఒకామె లేచి, "పొలం పనికి పోయేవాళ్ళం, చెమటలో ఉప్పంతా పోద్ది గదండీ. తగ్గిస్తే నీరసం రాదా?" అంది. ఇదివరకు నన్నెవరూ అంత సూటిగా అడగలేదు. "ఎండలో రోజంతా చేసిన నాడు మజ్జిగలో చిటికెడు వేసుకో తల్లీ. పని లేని రోజు కూడా అంతే వేసుకుంటున్నావేమో, అది చూసుకో" అన్నాను. "కోత మిషనొచ్చాక పనిరోజులు తగ్గిపోయాయండీ" అందామె. ఆశా కార్యకర్త తెచ్చిన మిషనుతో అక్కడున్న అందరికీ బీపీ చూశాం. ఎక్కువ ఉన్నవాళ్ళలో చాలామందికి ఆ సంగతి అప్పుడే తెలిసింది. పేర్లు రాసి పీహెచ్‌సీకి పంపాం. వచ్చే నెల మళ్ళీ అదే ఊరు వెళ్ళి, వాళ్ళలో ఎవరు డాక్టరు దగ్గరికి వెళ్ళారో, ఎవరు మాత్ర మొదలుపెట్టారో ఇల్లిల్లూ తిరిగి కనుక్కోవాలి.