ఈ పేరా నాన్నకి చదవకు

నంద్యాల, 24 ఫిబ్రవరి 1977

అక్కా,

క్షేమంగా చేరాను. ముందు అమ్మకి ఆ ముక్క చెప్పి తర్వాత మిగతాది చదువు. నాన్నకి ఎక్కడెక్కడ దాటెయ్యాలో నేనే చెబుతూ పోతాను. పేపరు అడ్డం పెట్టుకుని విననట్టు కూర్చుని అన్నీ వింటారని నీకూ తెలుసుగా.

గుంటూరులో మీటరుగేజి బండి ఎక్కాం. రాత్రంతా కూర్చునే ప్రయాణం. దిగువమెట్ట దాటాక తెల్లవారింది. బొగద సొరంగం, దొరబావి వంతెన వస్తున్నాయని అందరూ కిటికీలకి ఎగబడ్డారు. నాకు వంతెన సగంలో మెలకువ వచ్చింది. కిందికి చూసి, భయమేసి, మళ్ళీ పోస్టర్ల కట్ట మీద తల వాల్చాను. నల్లమల గురించి నా దగ్గర ఇంతే ఉంది.

స్టేషను బయట జట్కావాడితో జరిగిన గొడవ మాత్రం వివరంగా రాస్తాను. పార్టీ ఆఫీసుకి ముప్పావలా అవుతుందని నాతో ఉన్న కర్నూలు కుర్రాడు ముందే చెప్పాడు. జట్కావాడు మా కట్టలూ, మైదా పిండి బస్తా, బకెట్టూ చూసి రూపాయిన్నర అన్నాడు. కర్నూలు కుర్రాడికి పౌరుషం వచ్చి, "మేం సొంత పని మీద రాలేదు, దేశం పని" అన్నాడు. జట్కావాడు గుర్రానికి గడ్డి వేస్తూ తాపీగా, "ఆవూదూడోళ్ళు నిన్న రెండు రూపాయలిచ్చినారప్పా. దేశం గురించి ఒక్క మాటా అనలే" అన్నాడు. మాది ఆవూదూడ గుర్తు కాంగ్రెసులా డబ్బున్న పార్టీ కాదని నేను కలగజేసుకున్నాను. "మీరే బీదోళ్ళయితే మరి నేనేం కావల్ల?" అన్నాడు. దీనికి జవాబు మా కరపత్రాల్లో లేదు.

ఈలోగా జనం పోగయ్యారు. ఎవరో "ఏ గుర్తు?" అని అడిగారు. నాగలి పట్టిన రైతు, జనతా పార్టీ అని చెప్పాం. అంతే, సగం మంది టీ కొట్టు వైపు జరిగారు. మిగిలిన సగం మంది గుర్రాన్ని చూడటం మొదలుపెట్టారు. తలకి తువ్వాలు చుట్టుకున్న ఒక పెద్దాయన మాత్రం నా చేతిలో అర్ధరూపాయి పెట్టి, ఇటూ అటూ చూసి, మాటైనా లేకుండా వెళ్ళిపోయాడు. మన వాళ్ళు ఊరూరా ఓటూ నోటూ రెండూ ఇవ్వండని అడుగుతున్నారు కదా, నా చేతికందిన మొదటి నోటు అలా బిళ్ళ రూపంలో వచ్చింది. చివరికి రూపాయిపావలాకి బేరం కుదిరింది. దిగాక జట్కావాడు రెండు పోస్టర్లు అడిగాడు. మనిషి మారాడని మా వాడు మురిసిపోయాడు. ఆయన వాటిని జట్కా గూడుకి చిల్లు పడ్డచోట అంటించాడు, గాలి రాకుండా, బొమ్మ లోపలివైపుకి పెట్టి.

(ఇక్కడ నాన్నకి ఆపెయ్.) జగ్జీవన్ రామ్ కాంగ్రెసు విడిచిపెట్టిన రోజు నాన్న కాఫీ ముట్టలేదని రాశావు. ఫిబ్రవరి 2 నాడు నేను తెనాలిలోనే ఉన్నాను, చూశాను. ముట్టకపోవడం కాదు, చల్లారాక తాగారు. ఆ రోజు నేను గెలిచినట్టు మొహం పెట్టి తిరిగానని ఇప్పటికీ కోపంగా ఉన్నారా? ఇప్పుడు మేం ఇక్కడ ప్రచారం చేస్తున్న సంజీవరెడ్డి గారికి 1969 రాష్ట్రపతి ఎన్నికలో జరిగింది అన్యాయమని మొదట నాకు చెప్పింది నాన్నే. సొంత పార్టీ నిలబెట్టిన మనిషిని అంతరాత్మ ప్రబోధం అని ఓడించారని భోజనాల దగ్గర పళ్ళెం కొట్టి మరీ చెప్పేవారు. ఆయన చెప్పింది నేను నమ్మాను, అంతే.

పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. బొరుగులు నానబెట్టి తాలింపు వేసింది ఉగ్గాని. బావకి చెప్పు, నేను బాగానే తింటున్నానని.

తమ్ముడు

*

కోయిలకుంట్ల తాలూకా, 3 మార్చి

అక్కా,

ఈ ఊరి పేరు రాయను. రాయొద్దని వాళ్ళే అడిగారు. ఎమర్జెన్సీలో పద్దెనిమిది నెలలకి పైగా జనానికి అలవాటైన భయం, ఎన్నికలు ప్రకటించగానే పోతుందా? జైళ్ళలోంచి నాయకులు బయటికొచ్చారు. పేపర్లలో వార్తలు మళ్ళీ వార్తల్లా వస్తున్నాయి. జయప్రకాశ్ నారాయణ్ (జేపీ) గారి సభకి జనం వెళ్ళకుండా ఢిల్లీ టీవీలో 'బాబీ' సినిమా వేశారట, అయినా మైదానం నిండిందట. ఇక్కడ టీవీ లేదు, బాబీ లేదు. ఒక పోలీసు జీపు వచ్చి చెరువుగట్టు మీద కాసేపు ఆగి వెళితే చాలు, ఆ సాయంత్రం మా మీటింగుకి కుక్కలు మాత్రమే వస్తాయి.

మాకిచ్చిన పని ఓటరు చీటీలు రాయడం. జాబితా చూసి పేరు, తండ్రి పేరో భర్త పేరో, క్రమసంఖ్య చిన్న కాగితం మీద రాసి ఇంటింటికీ ఇవ్వాలి. తేలికే అనుకుంటావు. ఒక్క వీధిలో సుబ్బారెడ్లు ఎంతమందో! చచ్చిపోయినవాళ్ళు జాబితాలో బతికే ఉన్నారు. మొన్న ఒకావిడ పేరు దొరికింది గానీ, అదే పేరుతో నలుగురున్నారు. మీ ఆయన పేరేంటమ్మా అని అడిగాను. చెప్పదు. మొగుడి పేరు నోటితో పలకకూడదట. పోనీ మొదటి అక్షరమన్నా చెప్పమన్నాను. తలుపు చాటుకి వెళ్ళింది. చివరికి పక్కింటి పిల్లవాడు గోడెక్కి ఊరంతా వినబడేట్టు ఆయన పేరు అరిచాడు. పొలంలో ఉన్న ఆయన, పిలుస్తున్నారేమోనని పరుగెత్తుకొచ్చాడు. ఒక్క చీటీకి అరగంట.

చీటీతో పాటు కాగితం మడవడం నేర్పిస్తున్నాం. ముద్ర వేశాక బ్యాలెట్టుని ముందు నిలువుగా మడిచి, తర్వాత అడ్డంగా మడవాలి. తిరగేసి మడిస్తే తడి సిరా పక్క గుర్తుకి అంటుకుని ఓటు చెల్లకుండా పోతుంది. పాత పేపరు ముక్కల మీద వంకాయరంగు సిరాతో ముద్రలు కొట్టించి నేర్పిస్తుంటే ఆడవాళ్ళు నవ్వి నవ్వి పోతున్నారు. ఒకావిడ నాలుగుసార్లు మడిచి, చక్కగా వచ్చాక, ఆవూదూడ మీద ఎట్లా మడవాలో కూడా చూపమంది. చూపించాను. రెండూ ఒకలాగే మడవాలి కదా!

ఇప్పుడు అన్నం సంగతి. మధ్యాహ్నం రెండు గంటల ఎండలో ఒక ఇంటి అరుగు మీద కూలబడ్డాం. లోపల్నుంచి పెద్దావిడ వచ్చి మా చేతుల్లో కాగితాలు చూసింది, మా మొహాలు చూసింది. "ఓట్ల మాట ఎత్తద్దు. ముందు కాళ్ళు కడుక్కోండి" అంది. లోపల పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది. జొన్నపిండి ముద్దని చేత్తో చరుస్తుంటే చక్రంలా తిరుగుతూ పెద్దదయ్యేది. పెనం మీద వేసి నీళ్ళు తడిమి, తిప్పి, తీసి నా పళ్ళెంలో పడేసేది. గోంగూర పప్పు, శెనక్కాయల పొడి, పచ్చి ఉల్లిగడ్డ చితక్కొట్టి పక్కన పెట్టింది. నాకు మూడో రొట్టె దగ్గర కళ్ళు తిరిగాయి. వద్దంటే, "కోస్తా నాయన, అన్నం లేకపోతే బతకడు" అని లోపలికి వెళ్ళి ఎవరికోసమో దాచిన పిడికెడు వరి అన్నం తెచ్చి పెరుగు పోసింది. అది తినడానికి సిగ్గేసింది. తినకపోతే ఆవిడ ఊరుకోదు. అప్పుడు, అక్కా, అమ్మ చేతి అన్నం జ్ఞాపకం వచ్చి ముద్ద గొంతులో ఆగింది. పొగ అని చెప్పాను. పొయ్యి అప్పటికే ఆరిపోయింది.

వెళ్ళేటప్పుడు మా కర్నూలు కుర్రాడు అలవాటు ప్రకారం, "అవ్వా, నాగలి గుర్తు మర్చిపోవద్దు" అన్నాడు. "తిన్నారు గదా, పోండి" అంది. కోపం లేదు, నవ్వూ లేదు. దారిలో వాడు ఆవిడ మనకే వేస్తుందంటాడు. నేను వెయ్యదంటాను. ఇక మీదట భోజనం పెట్టిన ఇంట్లో ఓటు అడగకూడదని వాడితో ఒప్పందం చేసుకున్నాను. వాడికి నచ్చలేదు.

ఊళ్ళో రెండు వర్గాలున్నాయి. ఒక రెడ్డి ఆవూదూడ జెండా కట్టాడు, కాబట్టి రెండో రెడ్డి మన జెండా కట్టాడు. ఆయనకి జేపీ తెలియదు, ఎమర్జెన్సీ పట్టదు. మొదటాయన మాతో వచ్చి ఉంటే ఈయన నిస్సంకోచంగా అటు వెళ్ళేవాడు. తెనాలిలో రాత్రి రెండింటిదాకా ప్రజాస్వామ్యం గురించి వాదించుకున్న మేము ఇక్కడ ఆయన ఇచ్చిన జీపులో, ఆయన పోయించిన పెట్రోలుతో తిరుగుతున్నాం. మా వాడు దీన్ని వ్యూహమంటాడు. నాకు మాత్రం ఆ జీపు ఎక్కిన ప్రతిసారీ కొంచెం ఇరుగ్గానే ఉంటుంది. చెప్పుకోవడానికి నువ్వే దొరికావు.

కోయిలకుంట్లలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని తెల్లవాళ్ళు ఉరితీసిన చోటు చూపించారు. 1847లో. తలని ముప్పై ఏళ్ళు కోట గోడకి వేలాడదీశారట. చూసి వచ్చాం.

నీ ఒళ్ళు ఎలా ఉంది? కాళ్ళ వాపు తగ్గిందా? మంత్రసాని చెప్పిందని చింతపండు మానేశావా, లేక దాచుకుని తింటున్నావా? ఇన్‌లాండు మడత మీద కూడా నిండింది, ఆపుతాను.

*

ఆళ్ళగడ్డ, 9 మార్చి

అక్కా,

జ్వరం. ఎండదెబ్బ అన్నారు. మజ్జిగ తాగి ఒక సత్రం గదిలో పడుకున్నాను. అమ్మకి చెప్పకు. చెప్పకుండా ఉండలేవు కాబట్టి తగ్గిందని చెప్పు.

ఈ ఊరు నాకు నచ్చలేదు. నిన్న మొత్తం ఎవరూ నచ్చలేదు. వీధిలో మైకు పెట్టుకుని ఆవూదూడ జీపు నా కిటికీ కిందే ఆగి, ఒకే పాట నాలుగుసార్లు వేసింది. లేచి మా జీపు మైకుతో జవాబివ్వాలనిపించింది. లేవలేకపోయాను.

సత్రం కాపలాదారు ఒక సంగతి చెప్పాడు. సంక్రాంతి కాగానే అహోబిలం నుంచి ప్రహ్లాద వరద నరసింహస్వామి పల్లకీలో పారువేట ఉత్సవానికి బయలుదేరి, నలభై రోజులకి పైగా చుట్టుపక్కల ముప్పై మూడు ఊళ్ళు తిరుగుతాడట. మొన్ననే కొండకి తిరిగి వెళ్ళాడు. మేము వెళ్ళిన చాలా ఊళ్ళలో మాకంటే ముందు ఆయన దిగిన అరుగు మీదే మమ్మల్ని కూర్చోబెట్టారన్నమాట. "ఆయప్ప ఏటా వస్తాడు. మీరు అయిదేండ్లకొకసారి" అన్నాడు. ఈసారైతే ఆరేళ్ళయింది, పార్లమెంటు గడువు పొడిగించారు కదా అని సరిదిద్దబోయి ఊరుకున్నాను.

సంజీవరెడ్డి గారి సభకి జ్వరంతోనే వెళ్ళాను. వెనక నిలబడ్డాం కాబట్టి తలపాగాలే కనిపించాయి. 1971లో అనంతపురంలో ఓడి, ఇల్లూరు వెళ్ళి సేద్యం చేసుకున్న మనిషి ఇప్పుడు నాగలి గుర్తు మీద నిలబడ్డాడంటే ఇక్కడి రైతులకి బాగానే అతికింది. గుర్తు మాత్రం భారతీయ లోక్‌దళ్‌ది. జనతా పార్టీకి సొంత గుర్తు తెచ్చుకునే వ్యవధి లేదు. జనానికి అదేమీ పట్టలేదు.

ఇరవై ఒక్కేళ్ళు నిండని పిల్లలు మీటింగు ముందు వరసలో గొంతు చించుకుని అరుస్తారు. ఓటున్నవాళ్ళు వెనక నిలబడి బీడీ కాలుస్తారు. మాకు వీళ్ళ మనసే తెలియదు.

ఇంతకీ నాన్న సంగతి రాయనే లేదు నువ్వు.

*

నంద్యాల, 22 మార్చి

అక్కా,

టెలిగ్రాం అందింది. ఆడపిల్ల! ఇద్దరూ క్షేమం అన్నారు, సంతోషం. నీకు బూరెలు పెట్టారా? బావ ఎగిరి గంతేశాడా, లేక అబ్బాయి కావాలని మొహం వేలాడేశాడా? వేలాడేస్తే నా తరఫున రెండు వెయ్యి.

ఇక్కడి సంగతులు వరసగా చెప్పాలనుంది గానీ నిద్రలేదు. ఇరవయ్యో తారీఖు రాత్రి హోటల్లో రేడియో చుట్టూ కూర్చున్నాం. ఉత్తరాదిన ఒక్కో ఊరి పేరూ చదువుతుంటే మా వాళ్ళు బల్లలు గుద్దారు. యజమాని గ్లాసులు తీసి లోపల పెట్టుకున్నాడు. తెల్లవారేసరికి రాయ్‌బరేలీలో రాజ్‌నారాయణ్ చేతిలో ఇందిరా గాంధీయే ఓడిపోయారని తెలిసింది. అమేఠీలో ఆవిడ కొడుకు సంజయ్ కూడా. నిన్న ఎమర్జెన్సీ ఎత్తేశారు.

మన నంద్యాలా గెలిచింది. అయితే నాన్నకి చెప్పు, నేను దాచడం లేదు: రాష్ట్రంలో 42 స్థానాల్లో 41 ఆయన కాంగ్రెసువే. ఉత్తరాదంతా అటు తిరిగితే మనవాళ్ళు ఇటు నిలబడ్డారు. మిగిలిన ఆ ఒక్కటీ ఇక్కడిది. మా వాళ్ళు దీనికి కారణాలు రాత్రంతా చెప్పారు. ఉత్తరాదిలో బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసినట్టు ఇక్కడ చెయ్యలేదనీ, ఇక్కడ ఇంకో పార్టీకి ఊరూరా మనుషులు లేరనీ. రెండూ నిజమే అయ్యుండొచ్చు. ఇక్కడ మాత్రం మేము గోడల మీద రాసిన రాతల వల్ల గెలిచామనుకుంటే అది మా గొప్ప. సంజీవరెడ్డి గారు సొంత జిల్లా మనిషి కాకపోయినా సీమ మనిషి, పైగా ఒకప్పటి ముఖ్యమంత్రి. జనం ఎప్పుడో నిర్ణయించుకున్నారు. మాకు చెప్పలేదు, అంతే.

ఇప్పుడు చెబుతున్నారు. నిన్నటి నుంచి ఎవరిని చూసినా నాగలికే వేశానంటున్నాడు. బస్సులో కండక్టరు, హోటల్లో సర్వరు, ఆవూదూడ జెండా మోసిన కుర్రాడు కూడా. వీళ్ళు చెప్పిన ఓట్లన్నీ కూడితే తాలూకా జనాభాని మించిపోయేట్టుంది. పోలింగు రోజు బూత్‌కి వంద మీటర్ల అవతల బల్ల వేసుకుని కూర్చున్నాం. అప్పుడు మా చీటీ తీసుకోవడానికే భయపడి, పక్క బల్ల దగ్గరికి వెళ్ళిన మనిషి నిన్న నా భుజం మీద చెయ్యేసి స్వీటు తినిపించాడు. నాకు వాళ్ళ మీద కోపం లేదు. భయపడ్డ రోజున భయపడ్డారు. లోపలికి వెళ్ళి ఏం చేశారో వాళ్ళకీ, ఆ పెట్టెకీ తెలుసు.

మా కర్నూలు కుర్రాడు ఢిల్లీ వెళదామంటున్నాడు. ప్రమాణ స్వీకారం చూడాలట. నా దగ్గర రైలు డబ్బులు తెనాలి దాకానే ఉన్నాయి. అవీ నాన్న పంపినవి. మనియార్డరు ఫారం కింద ముక్క చింపి దాచుకున్నాను. "జ్వరం తగ్గాక జొన్నరొట్టె మాను" అని ఒక్క వాక్యం రాశారు. అంటే నా ఉత్తరాలు పేరాలు దాటకుండా చదివి వినిపించావన్నమాట, మోసగత్తె!

మహానంది వెళ్ళి స్నానం చేశాను. కోనేట్లో నీళ్ళు అంత లోతులోనూ తేటగా ఉన్నాయి. నీ పేరునా పాప పేరునా దణ్ణం పెట్టాను.

టెలిగ్రాం వచ్చిన మర్నాడే, పాపకి ఇందిర అని పెట్టాలని నాన్న పట్టుబడుతున్నారని బావ రాసిన కార్డు వచ్చింది. అదీ ఈ వారంలో! పెట్టనివ్వండి. బావ తరఫు వాళ్ళు ఏమంటారో అన్నదొక్కటే నా బెంగ. బారసాలకి అందుకుంటాను. శనివారం బండికి రిజర్వేషను లేదు కాబట్టి గుంటూరు దాకా నిలబడే రావాలి. ఎవరినీ స్టేషనుకి పంపొద్దు, ఒక్క పోస్టరు కూడా మిగల్లేదు, సామాను తేలిక.

తమ్ముడు