పటేల్ షాటు

రండి రండి, ఆ సంచి గోడ మీద పెట్టేయండి. పొయ్యి మీద పెనం ఉందంటారా? ఉంటే ఉండనీండి. నా చేతి జొన్నరొట్టె తొందరపడితే బాగుపడేదీ కాదు, ఆలస్యమైతే చెడిపోయేదీ కాదు.

మొన్న మా ఇంట్లో జరిగిన పెళ్ళి వీడియో చూశారా? డ్రోనుతో తీయించారు, బోలెడు పోసి. పైనుంచి చూస్తే జనమంతా చాటలో పోసిన మరమరాల్లా ఉన్నాం. నా పట్టుచీర కనపళ్ళేదు, కాసులపేరు కనపళ్ళేదు. పాపిడి ఒక్కటే కనిపించింది, దాన్లో నెరిసిన వెంట్రుకలతో సహా. "ఇది అచ్చంగా పటేల్ షాటు" అన్నాను. ఇంటిల్లిపాదీ నవ్వారు. నేనేదో పిచ్చిమాట పుట్టించాననుకున్నారు.

నేను పుట్టించలేదండీ బాబూ! జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ అని ఒక ఊరుంది. ఆ చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళు పెట్టిన పేరది. కూలి చేసుకునేవాళ్ళు, చాలామందికి బడి మొహం కూడా తెలీదు. అదేంటో చెబుతా గానీ, ముందు వాళ్ళ చేతికి కెమెరా ఇచ్చిన పెద్దమనిషి సంగతి చెప్పాలి. లేకపోతే కథ మధ్యలోంచి మొదలవుతుంది, మళ్ళీ మీరే నన్ను తిడతారు.

ఆయన పేరు పి.వి. సతీశ్. మైసూరులో 1945లో పుట్టారు. పత్రికల్లో పనిచేసి, తర్వాత దూరదర్శన్‌లో ప్రొడ్యూసరయ్యారు. మీలో తలపండినవాళ్ళెవరైనా ఉంటే 'సైట్' అనే టీవీ ప్రయోగం గుర్తుండాలి. 1975 ఆగస్టులో మొదలై సరిగ్గా ఏడాది నడిచింది. అమెరికా వాళ్ళ ఉపగ్రహాన్ని అరువు తెచ్చుకుని, ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి టీవీ చూపించారు. అందులో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఊళ్ళో పది అడుగుల గొడుగు పెట్టేవారు. దేంతో చేశారనుకున్నారు? కోళ్ళ దొడ్డికి కట్టే ఇనప జాలీతో! ఏడాది కాగానే ఉపగ్రహాన్ని వెనక్కి తీసుకుపోయారు, పక్కింటావిడ ఇడ్లీపాత్ర అరువిచ్చి మర్నాడే అడిగి పట్టుకెళ్ళినట్టు.

ఆ రోజుల్లో తెలుగు పల్లెల కోసం కార్యక్రమాలు తీసినవాళ్ళలో సతీశ్ ఒకరు. మీరే ఆలోచించండి. పట్నంలో స్టూడియో, అందులో దీపాలు, దీపాల కింద కూర్చుని విత్తనం ఎలా చల్లాలో రైతుకి చెప్పడం! వినే రైతు ఏమనుకునేవాడో పాపం. "అయ్యా, ముందు వానెప్పుడు పడుతుందో చెప్పు" అనుకుని ఉంటాడు. నేనైతే అలాగే అనుకుందును.

తర్వాత కొన్నాళ్ళకి, 1983లో, సతీశ్ కొందరు మిత్రులతో కలిసి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పెట్టారు. డీడీఎస్ అంటే ఆ చుట్టుపక్కల తెలియనివాళ్ళుండరు. అప్పుడది మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి. కెమెరా వెనక ఉండాల్సిన మైసూరాయన జొన్నచేల గట్ల మీద పడ్డారు. ఊరూరా పేద ఆడవాళ్ళ సంఘాలు, అందులో దళితులే ఎక్కువ. పనయ్యాక రాత్రిళ్ళు కూచుని మాట్లాడుకునేవాళ్ళు. బీడు పడ్డ భూములకి అప్పిచ్చి జొన్న వేయించడం, ఆ అప్పు జొన్నల్లోనే తీర్చడం, ఆ జొన్నల్ని ఊళ్ళోనే దాచి కరువు నెలల్లో లేనివాళ్ళకి చవగ్గా అమ్మడం, ఇవన్నీ సంఘం పనులే. రేషన్ షాపులో జొన్నల ఊసే లేని రోజుల్లో జొన్నల రేషన్ అన్నమాట. ఎంత తెలివి చూడండి.

ఇక కెమెరా. తీసే విద్య వదిలేసి వచ్చిన మనిషి దాన్ని అటక మీద పడేయలేదు, చేలో పనిచేసే చేతుల్లో పెట్టారు. చదవడం రాయడం రాకపోతే ఏం, చూడటం వచ్చు కదా అని ఆయన వాదన. నేర్పేటప్పుడు లో యాంగిల్, హై యాంగిల్, ఐ లెవెల్ అని చెబితే వాళ్ళ నోటికెక్కుతాయా? నా నోటికే ఎక్కవు. వాళ్ళు ఆ మూడింటికీ వాళ్ళ పేర్లు వాళ్ళే పెట్టుకున్నారు. ఎత్తు అరుగు మీద ఊరి పెద్ద, పటేలు, కూచున్నాడు. కింద నేల మీద జీతగాడు. పటేలు కళ్ళతో కిందికి చూస్తే అది పటేల్ షాటు. జీతగాడు తలెత్తి పైకి చూస్తే అది బానిస షాటు. మరి మనిషి కళ్ళకి ఎదురుగా, సమానంగా పెట్టి తీస్తే? సంఘం షాటు! సంఘంలో అందరూ ఒకే చాప మీద కూచుంటారు కదా మరి.

చూశారా? రెండేళ్ళు ఫీజు కట్టి నేర్చుకునే చదువు మూడు మాటల్లో వచ్చేసింది. సతీశే దీని గురించి ముచ్చటగా రాశారు. అది తెలిసినప్పటి నుంచీ నా పాట్లు ఏం చెప్పను! సినిమాకెళ్తే మనశ్శాంతి లేదు. మన హీరోలు తెరమీదికి ఎలా వస్తారు? ముందు బూటు, తర్వాత మోకాలు, తర్వాత బెల్టు, ఆ పైన ఆకాశంలో ఎక్కడో మొహం. మూడు గంటలూ బానిస షాట్లే. టికెట్ కొనుక్కుని మరీ నేల మీద కూచుంటున్నాం. వరద వస్తే నాయకుడు హెలికాప్టర్లోంచి చూస్తాడా, అది పటేల్ షాటు. మా అమ్మాయి ఫోను నెత్తిమీద చెయ్యంత ఎత్తున పట్టుకుని సెల్ఫీ తీసుకుంటుందా, తనకి తనే పటేలు! ఇదొక రోగంలా పట్టుకుందనుకోండి. మీకూ అంటించాలనే పిలిచాను.

ఏం చెబుతున్నాను? ఆఁ, ఆ ఆడవాళ్ళు. వాళ్ళు ఇంటిపట్టున పంటల వీడియోలు తీసుకుని ఊరుకున్నారనుకోకండి. 2002లో బీటీ పత్తికి మన దేశంలో అనుమతి వచ్చింది. వీళ్ళు కెమెరా భుజానేసుకుని వరంగల్ వెళ్ళారు. ఒక్కసారి కాదు, అదే రైతుల దగ్గరికి పంటకాలమంతా మళ్ళీ మళ్ళీ. విత్తినప్పుడు ఏమన్నాడు, పూతకొచ్చాక ఏమన్నాడు, తీరా పత్తి తీశాక ఏమన్నాడు, అన్నీ ఎక్కించారు. రైతు మొహంలో కళ తగ్గడం నెలనెలా కనిపిస్తుంది. ఆ సినిమా 2003లో వచ్చింది. ఆ కెమెరాలు తర్వాత ఆఫ్రికా దాకా వెళ్ళొచ్చాయి. నేనింకా తిరుపతి దాటలేదు, అది వేరే సంగతి.

రేడియో సంగతి ఇంకా సరదా. స్టూడియో కట్టుకున్నారు, కార్యక్రమాలు చేసుకున్నారు, లైసెన్సు మాత్రం లేదు. ఊరుకోలేదు. క్యాసెట్లలో ఎక్కించి సంఘం మీటింగుల్లో వినిపించుకున్నారు, ఏళ్ళ తరబడి! చివరికి 2008 అక్టోబర్ 15న మాచనూరులో సంఘం రేడియో గాలిలోకెక్కింది, 90.4 మెగాహెర్ట్జ్. నడిపేది దళిత మహిళలు. అందులో మాట్లాడేది మనం ఇంట్లో మాట్లాడుకునే భాష. న్యూస్ రీడరు గొంతు కోసం ఎదురుచూస్తే నిరాశే మిగులుతుంది.

అసలు వాళ్ళ మాటలే అంత. చలికాలంలో నీళ్ళు పెట్టకుండా, మందులు చల్లకుండా, మంచుకే పండే పంటలకి ఏం పేరు పెట్టుకున్నారో తెలుసా? సత్యం పంటలు! నాకైతే ఆ పేరు మీద అసూయ. ఏటా సంక్రాంతికి పాత పంటల జాతర మొదలుపెడతారు. ఎడ్లబండ్లకి అలంకరణలు, బండి నిండా కుండలు, కుండల్లో కొర్రలు, సామలు, సజ్జలు, తైదలు, రకరకాల జొన్నలు. ఊరూరా తిరుగుతాయి. ఉత్సవ విగ్రహాల్లాగా విత్తనాలకి ఊరేగింపు!

ఇప్పుడేమో కొర్రలు మాల్‌లో అద్దాల బీరువాలో ఉన్నాయి. ధర చూశారా? మా అమ్మమ్మ బతికుంటే ఆ చీటీ చూసి మూర్ఛపోయేది. "పేదోళ్ళ తిండి" అని మొహం చిట్లించిన మనమే డాక్టరుగారు చెప్పగానే వరసలో నిలబడ్డాం. సతీశ్ దశాబ్దాలుగా అరిచింది ఈ చిరుధాన్యాల గురించే. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అంది. ఆ ఏడు మార్చి 18న ఢిల్లీలో చిరుధాన్యాల మీద ప్రపంచ సదస్సు మొదలైంది. మర్నాడే, 19న, ఆయన పోయారు. 77 ఏళ్ళు. కడసారి పస్తాపూర్‌కే తీసుకెళ్ళారు.

అయ్యో, మాటల్లో పడి రొట్టె! ఉండండి, తిప్పేసి వస్తా.

వచ్చా. మీరు నవ్వకపోతే ఒక్కటి చెబుతా. వేణ్ణీళ్ళతోనే కలిపాను, అరచేత్తోనే తట్టాను, పెనం మీద వేశాక తడిచెయ్యి కూడా తిప్పాను. అయినా ఒక అంచు చిరిగింది. అమెరికాలో ఉన్న మా చెల్లెలికి ఫోటో పంపాలి, లేకపోతే వండానంటే నమ్మదు. బాగా ఎత్తునుంచి తీస్తే చిరుగు అంతగా కనపడదు, పున్నమి చంద్రుడిలా ఉంటుంది. అదిగో, మళ్ళీ పటేల్ షాటు! అందుకని పీట వేసుకుని, పళ్ళేనికి సమానంగా ఫోను పట్టుకుని తీశాను. చిరుగూ కనిపించింది, మాడూ కనిపించింది, వెనకాల తోమని గిన్నెలు కూడా కనిపించాయి. అలాగే పంపించేశాను.

మీరో ముక్క తింటారా, ఉల్లిపాయ తరగనా?