మాటైతే పోయింది...

ఇంగ్లీషులో 'వీడ్' అంటే కలుపు మొక్క అని మనందరికీ తెలిసిందే. అచ్చం అలాగే పలికే మాట ఇంకోటి ఒకప్పుడు ఉండేది. దాని అర్థం బట్ట! కలుపుకీ ఆ బట్టకీ ఏ చుట్టరికమూ లేదు, రెండూ వేరు వేరు మాటలు. షేక్స్‌పియర్ (1564-1616) రోజుల్లో ఆడా మగా ఎవరు వేసుకున్నదైనా 'వీడ్' అనేవాళ్ళు.

తర్వాత ఆ మాట వాడుకలోంచి పోయింది. పోతూ పోతూ ఒక్కచోట మాత్రం మిగిలింది. ఎక్కడో తెలుసా? 'విడోస్ వీడ్స్' అనే జంట మాటలో. అంటే, భర్త పోయిన ఆవిడ వేసుకునే నల్లబట్టలు!

మన 'చేలం' కూడా అంతేనండీ. గుడ్డ అని అర్థం. విడిగా ఎవరమూ అనం. చిరుగుబట్టల కుచేలుడి పేరులోనూ, కట్టుబట్టలతో చేసే సచేల స్నానంలోనూ ఉండిపోయింది.

విక్టోరియా మహారాణి 1861లో భర్త ఆల్బర్ట్ పోయింది మొదలు 1901లో తాను కన్నుమూసేదాకా నలుపే వేసుకుంది. ఆ కాలంలో కలిగిన ఇళ్ళ ఆడవాళ్ళు ఏడాది పైగా మెరుపులేని క్రేప్ గుడ్డతో కుట్టిన నల్ల గౌన్లే వేసుకునేవారు. ఆ తర్వాత మెల్లగా బూడిదరంగు, లేత ఊదా. మగవాళ్ళకి ఇంత పట్టింపు లేదు. 1914-18 యుద్ధంలో ఇంటింటా చావులు చూశాక అక్కడ ఆ ఆచారం సడలిపోయింది.

వాళ్ళకి నలుపు, మనలో చాలా ఇళ్ళలో తెలుపు. కాకపోతే వాళ్ళకి గడువన్నా ఉండేది. మన దగ్గర ఒకసారి రంగు తీసేస్తే జన్మంతా అంతే.

మా ఆడపడుచుకి ముప్పై ఎనిమిదో ఏట భర్త పోయాడు. ఏడాది తిరిగాక మామిడిపండు రంగు చీర కట్టుకుని ఉద్యోగానికి బయల్దేరితే, చుట్టాలావిడ ఒకరు "అప్పుడే రంగులా?" అని బుగ్గలు నొక్కుకుంది. పదిహేనేళ్ళుగా తెల్లచీర తప్ప కట్టని మా అత్తగారు వంటింట్లోంచే, "ఆ చీర నేనే కొన్నానమ్మా, దానికి నప్పింది కదూ?" అన్నారు. ఆవిడ మరి నోరెత్తలేదు.

ఒక జాతి మొత్తానికి బట్ట అని చెప్పిన మాట, చివరికి భర్త పోయిన ఆడదాని ఒంటిమీదే ఆగిపోయింది చూశారా! ఊరందరి కళ్ళూ అక్కడే ఉంటాయి మరి.

ఈసారి మీ ఇంట్లో శుభకార్యానికి బట్టలు పెట్టేటప్పుడు, అలాంటి అక్కో వదినో ఉంటే, ఏ రంగు కావాలో ఆమెనే అడగండి. తెలుపే కావాలంటే తెలుపే పెట్టండి. కానీ అడిగి పెట్టండి. ఏమంటారు?