ఏం వండినవ్ పెద్దమ్మా?

ఊళ్ళో ఒంటరిగా ఉన్న అమ్మకో, అత్తమ్మకో ఫోన్ చేస్తే మనం మొట్టమొదట అడిగే మాట ఏమిటి చెప్పండి? "తిన్నవా?" అంతే కదా! అవతలి నుంచి "ఆఁ, తిన్న బిడ్డా" అని వస్తుంది. మనం తృప్తిగా ఫోన్ పెట్టేస్తాం. ఆ జవాబును నేను నమ్మడం మానేసి మూడేళ్ళయింది.

మాది కల్వకుర్తి దగ్గర పల్లె. పాత పాలమూరు జిల్లా వలసలకు పెట్టింది పేరు. నాగార్జునసాగర్ కట్టిన రోజుల నుంచీ మట్టి పనికి, రాతి పనికి 'పాలమూరు లేబర్' పోని చోటు లేదు. వయసులో ఉన్నవాళ్ళు మేస్త్రీ వెంట బొంబాయికో, పూనాకో పోతే ఇంటి దగ్గర మిగిలేది ముసలివాళ్ళే. ఇప్పుడు చదువుకున్న పిల్లలూ అంతే. కాకపోతే వాళ్ళు కంపెనీల వెంట పోతున్నారు.

మా ఎదురింటి పెద్దమ్మ అట్లా మిగిలిన మనిషే. డెబ్బై దాటినాయి. కొడుకు, కోడలు పూనాలో బిల్డింగు పనికి పోయారు. కొడుకు మంచివాడు, రోజూ ఫోన్ చేస్తాడు. ఒకనాడు మధ్యాహ్నం చాట అడిగి తెచ్చుకుందామని వెళ్ళాను. ఆమె ఫోన్లో "తిన్న నాయనా" అంటున్నది. పొయ్యిలో బూడిద చల్లగా ఉంది. పొద్దున్నుంచీ ముట్టించిన గుర్తే లేదు.

"ఇదేంది పెద్దమ్మా?" అంటే, "ఒక్క పానానికి పొయ్యి ముట్టియ్యాల్నా బిడ్డా? చాయిల రెండు బిస్కెట్లు అద్దుకొని తిన్న" అంది.

ఇంట్లో లేక కాదండీ. రేషన్ బియ్యం డబ్బా నిండా ఉన్నాయి. ఆసరా పింఛను 2014లో 200 నుంచి వెయ్యి అయింది, 2019లో 2,016 అయింది, అదీ వస్తున్నది. లేనిదల్లా ఎదురుగా కూర్చుని "ఉప్పు తక్కువైంది" అనే మనిషి.

ఆడవాళ్ళం, మనకు తెలియని సంగతా ఇది? ఇంట్లో అందరూ ఊరికి పోయిన రోజు మనం మాత్రం ఏం వండుకుంటాం? పచ్చడి మెతుకులే. అదే రోజూ అయితే? ముద్ద తగ్గితే ఒంట్లో సత్తువ తగ్గుతుంది. సత్తువ లేకపోతే గడప దాటబుద్ధి కాదు. గడప దాటని మనిషిని పలకరించేవాళ్ళూ ఉండరు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ఒంటరితనం గురించే ఒక కమిషన్ వేసిందంటే, ఇది ఊరికే మనసు బాధ అని కొట్టేసేది కాదన్నమాట. తల్లిదండ్రుల పోషణకు 2007 నాటి చట్టం కూడా ఉంది. బిడ్డలు చూడకపోతే ఆర్డీవో దగ్గరికి పోవచ్చు, నెలనెలా ఖర్చులకు ఇప్పిస్తారు. మంచిదే. కానీ పక్కన కూర్చుని తినమని ఏ ఆర్డీవో ఆర్డరు వేస్తాడు?

మొదట గిన్నెలో కూర పంపాను. రెండు రోజులు తీసుకుంది, మూడో రోజు వద్దంది. ఊరికే పెట్టించుకోవడం ఆమెకు నామోషీ. అప్పుడు మా పాత చీరలు నాలుగు పట్టుకెళ్ళి, "చలికాలం వస్తున్నది, బొంత కుట్టియ్యవా పెద్దమ్మా? కూలి ఇస్త" అన్నాను. చూడాలి ఆ ముఖం! లావు సూది తెమ్మంది. దారం బాగా లేదని తిట్టింది. ఒక్కదాన్నీ కొసలు పట్టలేనని ఇంకో ఇద్దరు ముసలమ్మలను ఆమే పిలుచుకొచ్చింది. కళ్ళు ఆనవు కాబట్టి సూదిలో దారం ఎక్కించే పని నాది. మా వసారాలో బొంత పరిచి కూర్చుంటే మధ్యాహ్నం అయ్యేది. జొన్న రొట్టెలు ఆమే చేసేది, పచ్చిపులుసు నేను చేసేదాన్ని. నా పులుపు ఆమెకు ఏనాడూ నచ్చలేదు లెండి. అయినా రెండు రొట్టెలు తినేది. కూలి డబ్బులు లెక్కపెట్టుకుని కొంగున కట్టుకుంది, ఒక్క రూపాయి తగ్గించలేదు. ఇప్పుడు మా వీధివాళ్ళ బొంతలు మూడు ఆమె దగ్గర బాకీ ఉన్నాయి.

దూరాన ఉన్నవాళ్ళు "తిన్నవా" బదులు "ఏం వండినవ్?" అని అడిగి చూడండి. కూర పేరు చెప్పాలంటే కూర ఉండాలి కదా! తడబడితే మీకే తెలిసిపోతుంది. ఎవరూ లేని పెద్దవాళ్ళకు 14567 అనే ఉచిత ఫోను నంబరు ఉంది, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతారు.

పట్నంలో మాకు బొంతలెక్కడివి అంటారా? మీ అపార్ట్‌మెంటులో ఒంటరిగా ఉండే పెద్దావిడను చింతకాయ తొక్కు ఎట్లా నూరాలో వచ్చి చూపించమనండి. మీ మిక్సీని చూసి నాలుగు మాటలంటుంది, పడండి. అన్నం కూడా అప్పటికే వండి ఉంచండి.