ఒక చెయ్యి ఓడకి, ఒక చెయ్యి నీకు



పెన్నాగరం వాళ్లకి నీళ్లంటే హొగెనకల్, పడవంటే పుట్టి. సముద్రం మనకి దూరం. నేను చదివింది తమిళ మీడియం కాబట్టి ఓడ మీద నిలువుగా ఉండే కొయ్యకి 'పాయ్‌మరం' అనే మాట బళ్లోనే వచ్చింది. తెలుగులో దాన్ని తెరచాప కొయ్య అంటారని రిటైరయ్యాక, తెలుగు చదవడం నేర్చుకున్నాకే తెలిసింది.

ఆ కొయ్య ఎక్కి పని చేసేవాళ్ల గురించి ఈమధ్య చాలా చదివాను. మన నౌకాదళానికి ఐ.ఎన్.ఎస్. తరంగిణి అని మూడు కొయ్యల శిక్షణ ఓడ ఉంది. గోవాలో కట్టారు, 1997లో సేవలో చేరింది, 2003-04లో ప్రపంచం చుట్టి వచ్చింది. అలాంటి ఓడల్లో తెరచాపలు విప్పడం, చుట్టడం అందరికీ కనిపించే పని. పైకెక్కి తాళ్లు, గిలకలు, కొక్కేలు ఒక్కొక్కటీ తడిమి చూడడం ఎవరికీ కనిపించని పని. తాడు ఎక్కడ రాసుకుంటుందో అక్కడ అరుగుతుంది. అరిగిన చోట గుడ్డ చుట్టి, పైన సన్నతాడు బిగించి కడతారు. తెగాక కాదు, తెగకముందే.

ఎక్కడానికీ పద్ధతుంది. గాలి వీచే వైపు నుంచే ఎక్కాలి, అప్పుడు గాలి మనిషిని తాళ్లకేసి నొక్కుతుంది. మెట్ల లాంటి అడ్డతాళ్లు కాళ్లకి మాత్రమే. చేతులు నిలువు మోకుల్నే పట్టుకోవాలి, ఎందుకంటే అడ్డతాడు తెగినా మోకు నిలుస్తుంది. పనిముట్టుని ఒంటికి కట్టుకోవాలి, జారితే కిందవాడి తల మీద పడుతుంది. అడ్డకొయ్య కింద వేలాడే తాటి మీద ఇంకొకరు కాలు పెడితే అది ఎగురుతుంది. అందుకే అడుగు పెట్టేముందు గట్టిగా చెప్పి మరీ పెడతారు. వీటన్నిటి మీదా నావికుల పాతమాట ఒకటుంది: ఒక చెయ్యి ఓడకి, ఒక చెయ్యి నీకు.

2017 సెప్టెంబరు నుంచి 2018 మే వరకు ఆరుగురు ఆడపిల్లలు తారిణి అనే 55 అడుగుల పడవలో ప్రపంచం చుట్టి గోవాకి తిరిగొచ్చారు. అందులో విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాదు అమ్మాయి ఐశ్వర్య మనవాళ్లే. అలాంటి పడవ మీద నడిసముద్రంలో ఏది ఊడినా బాగుచేయడానికి ఇంకొకరు రారు, ఉన్నవాళ్లే చూసుకోవాలి.

నాకు ఇదంతా ఎందుకు పట్టిందంటే, రైల్వేలో గుమాస్తాగా ఉన్నన్నాళ్లూ కరెంటు తీగల పనివాళ్ల ఫైళ్లు నా బల్ల మీదుగానే వెళ్లేవి. పట్టాల పైన తీగలో 25 వేల వోల్టులు ఉంటాయి. సరఫరా ఆపించి, తీగని భూమికి కలిపాకే ముట్టుకుంటారు. ఆ నియమం ప్రాణం లాగా పాటించే మనిషే ఒకడు స్తంభం మీంచి పడి పోయాడు. కరెంటు వల్ల కాదు, బెల్టు కొక్కెం విరిగి. బెల్టుల రిజిస్టరులో 'తనిఖీ చేసిన తేదీ' అనే గడి ఖాళీగా ఉంది. అతని భార్య పింఛను కాగితాల మీద వేలిముద్ర వేస్తుంటే ఇంకుప్యాడు పట్టుకున్నది నేనే. ఆమె ఒక్క మాటే అడిగింది, "బెల్టు ఎవరు చూడాలి సార్?" అని. జవాబు ఆ రిజిస్టరులో లేదు.

ఇప్పుడు మన సంగతి. ఉగాదికి సీరియల్ లైట్లు కట్టడానికి మన పిల్లలు పందిరి గుంజలు, మండపం పైకప్పు ఎక్కుతారు. రెండు చేతులూ లైట్లకే ఇస్తారు, తమకి ఒక్క చెయ్యీ మిగుల్చుకోరు. కింద నిలబడి మనం ఫొటోలు తీస్తాం.

అందుకని కమిటీని అడిగేది ఇది: వచ్చే ఉగాది ఖర్చుల్లో పూలకంటే ముందు రెండు మంచి సేఫ్టీ బెల్టులు రాయండి. ఒక నోటుబుక్కు కూడా కొనండి. ఎక్కేముందు బెల్టు ఎవరు చూశారో పేరు, తేదీ, సంతకం అందులో పడాలి. ఆ పుస్తకం నేను రాస్తాను. రాతపని నాకు అలవాటే.