పేరు లేని పద్దు

గడచిన మహాలయపక్షమున మా నాయనగారు తర్పణములు విడుచుచు, తాతముత్తాతల పేర్లను మాతామహుల పేర్లను తడవుకొనక చెప్పి, తన మేనత్తయొద్దకు వచ్చునప్పటికి ఆగిపోయిరి. పురోహితుడు పేరేమని మరల అడిగెను. "పెద్దత్త" అనిరి నాయనగారు. ఆయనకు 88 యేండ్లు. జ్ఞాపకశక్తి యేమాత్రమును చెడలేదు. బడిలో తన ప్రక్కను కూర్చున్నవారి యింటిపేర్లు సైతము నేటికిని చెప్పగలరు. పురోహితుడు పేరు తెలియనివారికి గల పద్ధతి నెట్లో నడిపించి పని ముగించెను. నాయనగారు మాత్రము ఆ దినమున విస్తరిముందు కూర్చుండి లేచిరేకాని భోజనము చేయలేదు.

ఈ పెద్దత్త మా తాతగారికి అక్క. తొమ్మిదవయేట వైధవ్యము పొందెను. ఆమె పుట్టుటకు ఇంచుమించు ఇరువది యేండ్లకు పూర్వమే, 1881 డిసెంబరు 11వ తేదీన, రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహమును జరిపించియుండిరి. ఆ వార్త మా గ్రామమునకు వచ్చియే యుండును. వచ్చి వీధి యరుగులమీదనే కూర్చుండిపోయినది కాబోలు, ఇంటిలోనికి రాలేదు. తండ్రి పోయినపిమ్మట ఆమె తమ్ముని యింట వంటయింటి చాకిరికి మాత్రము మిగిలి, ఒకనాటి తెల్లవాఱుజామున కట్టుబట్టలతో వెడలి, గోదావరి తీరమునందలి యొక పట్టణము చేరెను. నాటినుండి మా యింట ఆమెమాట యెత్తువారు లేకపోయిరి.

అయినను పట్టణమునుండి నెలనెలకును మనియార్డరు వచ్చెడిది. తాతగారు సంతకము చేసి సొమ్ము పుచ్చుకొని, కూపనుముక్కను చింపి పొయ్యిలో వేసెడివారట. ఆ సొమ్ముతోనే నాయనగారి బడిజీతము, పుస్తకములు, పరీక్షరుసుములు నడచినవి. ఆయన కిది తెలిసినది పెద్దవారైన తరువాత, తల్లివలన. 1957లో మనియార్డర్లు నిలిచిపోయినవి. ఎందుకు నిలిచినవని యడిగినవారు లేరు. సొమ్ము పనికివచ్చినది, పేరు పనికిరాలేదు. మా తాతగారు ఊరిలో ధర్మాత్ములని పేరుపొందినవారు. ఈ మాట వ్రాయుటకు నాకు కష్టముగనే యున్నది.

మాకు తెలిసినవి రెండే: ఆమె అత్తవారి యింటిపేరు, పట్టణముపేరు. ఈ రెంటితో నేను పురపాలక కార్యాలయమునకు పోయితిని. మదరాసు రాజధానిలో జననమరణముల నమోదుకు 1899లోనే చట్టము కలదు. నేడు దేశమంతటికిని 1969 నాటి చట్టము వర్తించుచున్నది. దాని 17వ విభాగముప్రకారము, నిర్ణీతమైన రుసుము చెల్లించి ఎవరైనను పద్దును వెదకించుకొనవచ్చును. బంధుత్వము చూపవలెనను నియమ మందు లేదు. కాని గుమాస్తా నన్ను మొదట అడిగిన ప్రశ్న "మీ రామెకు ఏమవుతారు?" అనునదే. చెప్పితిని. "ఆస్తితగాదాయా?" అని రెండవ ప్రశ్న. కాదంటిని. తగాదా లేనివాడు అరువదియేండ్లనాటి పద్దుకై వచ్చుట ఆయన యెఱుగడు. అది యాయన దోషము కాదు. అట్టి పుస్తకములు చినిగిపోయియుండునని చెప్పి పంపివేసెను.

నేను సమాచారహక్కు చట్టముక్రింద దరఖాస్తు పెట్టితిని. మన రాష్ట్రమున దీనికి గ్రామస్థాయిని రుసుము లేదు, మండలస్థాయిని 5 రూపాయలు, తక్కినచోట్ల 10 రూపాయలు. ప్రత్యుత్తరమునకు గడువు 30 దినములు. 28వ దినమున పిలుపు వచ్చినది. పుస్తకములు చినుగలేదు. బీరువాతాళము ఎవరియొద్ద నున్నదో తెలియకుండెనట.

1957వ సంవత్సరపు పుస్తకము మొదలుకొని చూచుచు వచ్చితిని. మరణముల పుస్తకమును పుటపుటయు చదువుట యెట్టిదో చదివినవారికే తెలియును. ఒక వేసవిలో వరుసగా పదునాలుగు పద్దులు పసిబిడ్డలవి; జబ్బు గడిలో అంతటను ఒకటే మాట. ఆ గుమాస్తా చేయి అలసినట్లు చివర కామాటకు బదులు చుక్కలు పెట్టియుండెను. శిశువుల పేరుగడి యనేకములందు ఖాళీ. బారసాలకు పూర్వమే జనన మెఱిగింతురు గనుక జననపు పుస్తకములందును ఇంతే. తరువాత పేరు చేర్పించుటకు నేటి చట్టమున వీలున్నది, ఏడాదిలోపల రుసుము లేకయు, అటుపై పదునైదేండ్లవఱకు రుసుముతోను. చేర్పించువా రెందఱు? పెరిగి పెద్దయై పాసుపోర్టు కావలసివచ్చిననాడుగాని ఆ ఖాళీగడి జ్ఞాపకమునకు రాదు.

1959వ సంవత్సరపు పుస్తకమున మా పద్దు దొరకినది. తేదీ, వార్డు, ఇంటినంబరు స్పష్టముగ నున్నవి. వయస్సు సుమారు 60. తెలిపినవారు: ఆ యింటనే యుండు నొక స్త్రీ. పేరుగడిలో మాత్రము ఆమె భర్త యింటిపేరును, ఆ ప్రక్కను "వారి వితంతువు" అనియు నున్నవి. భర్త పేరు వేఱొక గడిలో పూర్తిగా, తండ్రిపేరుతో సహా వ్రాయబడియున్నది. తొమ్మిదేండ్ల పిల్లను విడిచిపోయిన ఆ బాలుడు చచ్చి యేబదియేండ్లయినను పుస్తకమున బ్రదికియుండెను. అరువదియేండ్లు బ్రదికినది లేకపోయెను.

1951-52 నాటి మొదటి సార్వత్రిక యెన్నికల ముచ్చట నాకప్పుడు తలపునకు వచ్చినది. అప్పటి సుమారు 8 కోట్ల స్త్రీవోటర్లలో దాదాపు 28 లక్షలమంది తమ సొంతపేరు చెప్పక, ఫలానావాని భార్య, ఫలానావాని తల్లి యని మాత్రమే చెప్పినందున జాబితానుండి తొలగింపబడిరి. వారిలో బహుమంది బీహారు, ఉత్తరప్రదేశము, రాజస్థానము, మధ్యభారతము, వింధ్యప్రదేశములవారు. మన ప్రాంతపు స్త్రీల కా యవస్థ పట్టలేదుగదా యని నేను పూర్వ మొకచోట కొంత అతిశయముతో మాటలాడియుంటిని. ఆ పుటముందు నిలుచుండి ఆ మాట వెనుకకు తీసికొంటిని.

ఇక పేరెట్లు? ఇంటినంబరున్నది గనుక ఇంటిపన్నుల విభాగమునకు పోయితిని. నంబర్లు నడుమ రెండుసార్లు మారినవి. పాతనంబరు, కొత్తనంబరు అని రెండు గడులు గల పుస్తక మొకటి యుండుటచే త్రోవ దొరకినది. ఇంటిపన్ను పుస్తక మొక విచిత్రమైన సంఘచిత్రము. అందు యజమానులే యుందురు. అద్దెకున్నవాడు నలువదియేండ్లున్నను ఆ పుస్తకమున కతడు గోడలోని యిటుకపాటి కాడు. పెద్దత్త అద్దెయిల్లే అయియుండునని నిరాశతోనే పుట త్రిప్పితిని. ఆ నంబరున పన్ను కట్టుచుండినది, మరణము తెలిపిన యా స్త్రీయే. ఆమె పేరెదుట, ఫలానా సంవత్సరపు ఫలానా నంబరు దస్తావేజుప్రకారము పేరు మార్చబడినదని యెఱ్ఱసిరాతో వ్రాసియున్నది.

దస్తావేజు నంబరు దొరకిన తరువాత రిజిస్ట్రేషను కార్యాలయమున పని సుకరము. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టమున, స్థిరాస్తికి సంబంధించిన 1వ పుస్తకమును దాని సూచికలను రుసుమిచ్చి యెవ్వరైనను చూచుటకు 57వ విభాగము వీలు కల్పించుచున్నది. మరణశాసనములకు వేఱు నియమము: వ్రాసినవారు జీవించియుండగా పరుల కవి కనబడవు. ఈ భేదమును ఏర్పఱచినవారికి లోకజ్ఞానము లేదనజాలము.

నకలు రెండు పుటలు. ఒక సెంటుకన్న కొంచె మెక్కువ స్థలము, అందొక తాటాకుపాక, నాలుగు హద్దులు. వ్రాసియిచ్చినది మా పెద్దత్త. ఆమె పేరు పూర్తిగా ఉన్నది. భర్త పేరు తరువాతనే ఉన్నది, కాని తరువాత నున్నది. జీవన మేమనుచోట విస్తళ్ళు కుట్టుట యని యున్నది. ఆస్తి వివరణమున "నా స్వార్జితము" అను మాట రెండుమాఱులు వచ్చినది. ఒకమాఱు చాలునుగదా యని న్యాయవాదియైన నా మిత్రు డనెను. ఆమె చెప్పియే వ్రాయించియుండునని నేననుకొందును. దానము పొందిన స్త్రీయు బాలవితంతువే. చిరకాలము తనతో కలిసి విస్తళ్ళు కుట్టి, జబ్బునందు తన్ను కనిపెట్టినదట. మోదుగాకులు కుట్టి కూడబెట్టిన పైసలలో నాయనగారి బడిజీతమెంత, ఆ సెంటుభూమి యెంత యని నేను లెక్క వేయబోయి మానితిని.

ఇచ్చట నాకు కలిగిన సంశయ మొకటి దాచకుండ చెప్పవలెను. నేను మూడు కార్యాలయములలో మూడు పుస్తకములు విప్పి ఆమె యింటి గడపవఱకు పోగలిగితిని. ఆమె బ్రదికియున్నప్పుడు ఆమె అత్తవారో, మా తాతగారో ఇట్లే వెదకుచు పోయియుండినచో? ఇల్లు విడిచిన స్త్రీకి పట్టణపు జనసమ్మర్దమే కోట. ఆ కోటకు పుస్తకమున ద్వారముండుట క్షేమమా? 2005 నాటి సమాచారహక్కు చట్టము వ్యక్తుల సొంతవిషయములకు పరిమితమైన మినహాయింపు నిచ్చినది. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టముచే ఆ మినహాయింపు విశాలము చేయబడి 2025 నవంబరు నుండి అమలులోనికి వచ్చినది. దీనివలన అధికారుల తప్పులు కూడ "సొంతవిషయము" లను దుప్పటి కప్పుకొనునని పలువురు భయపడుచున్నారు. ఆ భయము నాకును కలదు. కాని జీవించియున్న స్త్రీ చిరునామా యడుగువానిని ఎందుకని ప్రశ్నించుట తప్పని నేననను. ఆ గుమాస్తా మొదటి ప్రశ్నయందు నాకిపుడు కోపము లేదు. ఇరువదియేండ్లు గడచిన సంగతులకు మాత్రము ఆ మినహాయింపు వర్తింపదని అదే చట్టము 8వ విభాగమున చెప్పుచున్నది. చచ్చినవారిని దాచుటవలన రక్షింపబడునది సాధారణముగ బ్రదికియున్నవారి పరువే.

జనాభాలెక్కల కాగితములు మాత్రము ఎన్ని యేండ్లయినను తెఱువబడవు. 1948 నాటి చట్టము వానిని చూచు హక్కు నెవ్వరికిని ఈయలేదు. అమెరికాలో 72 యేండ్లకు వానిని బయట పెట్టుదురు. 1950 నాటివి 2022లో వెలువడినవి. మనయొద్ద ఆ త్రోవ లేదు గనుక పన్నులపుస్తకములు, దస్తావేజులే గతి. అనగా గజము నేలయైన సంపాదింపనిదానికి పేరు దొరకుట దుర్లభము. పెద్దత్త సంపాదించినది గనుక దొరకినది. ఆ పట్టణముననే ఆమెవలె చచ్చి, "వారి వితంతువు" లని వ్రాయబడినవారి పద్దులు ఆ యొక్క సంవత్సరపు పుస్తకమున నేను పదునొకండు లెక్కించితిని.

ఆమె పేరు నేనిచ్చట వ్రాయుటలేదు. నాయనగారు వలదనిరి. ఇన్నాళ్ళు ఇంటిలో పలుకని పేరు ముందుగా ఇంటిలో పలుకబడవలెనని ఆయన పట్టుదల.

నకలు తెచ్చి చేతికిచ్చినప్పుడు ఆయన కండ్లద్దములు తుడుచుకొని, పేరు చదువుటకు పూర్వము చివరిపుట త్రిప్పి చూచిరి. ఎందుకో నాకు బోధపడలేదు. దస్తూరి పేరు, సాక్షుల పేర్లు దాటి వ్రాసియిచ్చినవారి చోటుకడ వ్రేలు నిలిపిరి. వేలిముద్ర యని యుండవలసినచోట "చేవ్రాలు" అని యున్నది.

"చదువుకొన్నదిరా," అనిరి. కొంతసేపటికి, "ఎవరు నేర్పిరో," అనిరి.

తరువాత పేరు చదివిరి.